రాయ్ ఇంగ్లండు - అట్టతో కట్టిన పల్లెసీమ

కొందరి ఇంటిపేరు వినినంతనే మనకు నవ్వు వచ్చును. మేమిందు చెప్పబోవు మనుష్యుని ఇంటిపేరు ఇంగ్లండు. పుట్టినది మాత్రము ఆస్ట్రేలియా దేశమున. పేరు రాయ్. 1906లో పుట్టి 1995లో కన్నుమూసెను. ఆయన రాజు కాడు, సేనాధిపతి కాడు, సముద్రములు దాటి క్రొత్త దేశములను కనుగొన్నవాడును కాడు. సముద్రము దాటిన మాట నిజమే. కాని దాటివచ్చి ఆయన చేసిన పని యేమనగా, దళసరి అట్టను కత్తిరించి అరచేతిలో నిముడు ఇండ్లు కట్టుట. ఆ ఇండ్ల చుట్టు పెరడులు, పెరడులలో పూలమొక్కలు, వాని కవతల పొలములు, పొలముల నడుమ రైలుపట్టాలు. ఈ పనిలోనే ఆయన జీవితము గడచిపోయెను. రైలు నమూనాలు చేయుటయందు అభిరుచి గలవారిలో ఆయన పేరు సుప్రసిద్ధము. మన విద్యార్థులు కూడ తెలిసికొనదగిన జీవితమని తోచి దీనిని వ్రాయుచున్నాము.

తిరునాళ్లలో అమ్ము రేకు రైలును చూడనివారు మనలో అరుదు. తాళము త్రిప్పి విడిచినచో గుండ్రముగా వేసిన పట్టాలమీద గిరగిర తిరిగి, తాళము తీరినంతనే నిలిచిపోవును. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ అను వ్యాపారి సంస్థ 1920లో అట్టి తాళపు రైళ్లను అమ్మసాగినది. అవి మంచి బొమ్మలే. అయినను ఆ పట్టాలకు అవతల ఏమున్నదని అడిగినచో చెప్పవలసిన సమాధానము ఒక్కటే, ఇంటి తివాచీ. స్టేషను కలదు, ఊరు లేదు. రైలు ఎక్కడినుండి వచ్చుచున్నదో, ఎవరికొరకు పోవుచున్నదో తెలియదు. మనము నిజమైన రైలెక్కినప్పుడు ఇంజనును చూచుచు కూర్చుందుమా? కిటికీ ప్రక్క చోటుకై తమ్ములతోను చెల్లెండ్రతోను కలహించి కూర్చుండి, వెనుకకు పరుగెత్తు పొలములను, చెరువుగట్లను, గేటువద్ద నిలిచిన ఎడ్లబండ్లను చూతుము. రాయ్ ఇంగ్లండు చరిత్రను మేము ఇట్లే అర్థము చేసికొంటిమి. ఆయన రైలును చూడవచ్చి, కిటికీకి బయట నున్నదానికి లొంగిపోయెను.

1925లో, ఇరువది యేండ్లు నిండకమునుపే, ఆయన ఇంగ్లండు చేరెను. ఆ దేశపు దక్షిణభాగమున స్విండన్ అను పట్టణము కలదు. గ్రేట్ వెస్టరన్ రైల్వే కంపెనీవారు 1843 నుండి అచ్చట ఇంజనుల కర్మాగారమును నడుపుచుండిరి. లండను నుండి బ్రిస్టల్ రేవువరకు ఆ కంపెనీవారి మార్గము 1841లో పూర్తియైనది. దానిని నిర్మించినవాడు బ్రునెల్ అను పేరుపొందిన ఇంజనీరు. ఆకుపచ్చని ఇంజనులు, రాగి అంచుగల పొగగొట్టములు, ఇత్తడి అక్షరములతో పేర్లు. రైళ్లపై మక్కువగల యువకునకు స్విండన్ ఒక పుణ్యక్షేత్రము వంటిది. రాయ్ ఆ పట్టణమునకు దాపునగల పల్లెసీమలో బసచేసెను.

ఆ సీమకు తెల్లగుఱ్ఱపు లోయ అని పేరు. పేరునకు కారణము వింతయైనది. లోయకు దక్షిణమున సుద్దరాతి గుట్టలు వరుసగా కలవు. అఫింగ్టన్ అను పల్లెకు పైనున్న గుట్టమీద, పచ్చిక తొలగించి త్రవ్విన కాలువలలో తెల్లని సుద్దను దట్టించి, పరుగెత్తు గుఱ్ఱము ఆకారమును ఎవరో తీర్చిరి. దాని పొడవు సుమారు 110 మీటర్లు. వయస్సు సుమారు 3000 సంవత్సరములు. గుట్ట రాతిది కనుక ఆ బొమ్మ దానంతట అదే నిలిచినదని తలపరాదు. కొన్ని యేండ్లు పట్టించుకొనక విడిచినచో పచ్చిక ఆక్రమించి బొమ్మను మ్రింగివేయును. అందుచేత ఆ పరిసరముల వారు తరతరములుగ గుట్టయెక్కి, కలుపు తీసి, క్రొత్త సుద్ద వేసి దానిని నిలుపుకొనుచు వచ్చిరి. ఈ సంగతిని మనస్సున నుంచుకొని తక్కిన కథను చదువుడని మా కోరిక.

గుట్టలకు క్రింద పల్లెలు. సుద్దరాతితోను, ఇటుకతోను, కొయ్యచట్రముల నడుమ మెత్తిన మట్టితోను లేపిన గోడలు. వానిపై మూరెడు మందమున గోధుమగడ్డి కప్పులు. వంకరటింకర త్రోవలు, పొదల కంచెలు, కంచెల వెంబడి ఆకాశమునంటు ఎల్మ్ చెట్లు. పుట్టి పెరిగినవారికి ఇవి కంటికి ఆనవు. ఎక్కడినుండియో వచ్చినవాని కన్నులకు మాత్రము ప్రతి కప్పు వంపును వేరువేరుగ కనబడును. మాతృభాష వినబడని వీధులగుండ నడచి ఇల్లు చేరు మనకు ఈ మర్మము కొంత తెలియును. పొరుగువానికి అలవాటైపోయినది క్రొత్తవానికి చూడదగినదగును.

అయితే రాయ్ చూచుచుండగనే ఆ పల్లెలు మారసాగినవి. మోటారు బండ్లు వచ్చెను, త్రోవలు వెడల్పయ్యెను, పెట్రోలు అమ్ము కొట్లు లేచెను. గడ్డికప్పు చినిగినచోట మరల గడ్డి కప్పుటకు మారు ముడుతల ఇనుపరేకులును ఆస్బెస్టాసు పలకలును వేయ మొదలిడిరి. కప్పు కుట్టు పనివాని కొడుకు ఆ పని నేర్చుకొనుట మానెను. నిన్న చూచి మెచ్చిన ఇల్లు నేడు పోయి చూచునప్పటికి వేరొక ఇల్లుగ నుండుట ఆయన అనుభవమయ్యెను. ఆ మార్పును ఆపుటకు ఆయనకు అధికారము లేదు. ఆ ఇండ్లను కొని కాపాడుటకు ధనము లేదు. ఉన్నవి రెండు కన్నులు, రెండు చేతులు. ఈ లోయను 1930 ప్రాంతమున నున్నదున్నట్లు, దాని రైలుమార్గముతో కూడ, నమూనాగ కట్టి నిలుపవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

ఇచ్చట మేము ఒక సందేహమును దాచదలచుకొనలేదు. ఆ ఇండ్లలో నివసించినవారు చాలవరకు వ్యవసాయ కూలీలు. వారి కూలి స్వల్పము. ఇంటిలో కుళాయి లేదు, నేల చెమ్మ, గదులు ఇరుకు. వానరాత్రి పూరింట కారుచోట గిన్నె పెట్టి, గిన్నె నిండినప్పుడెల్ల లేచి పారబోసినవానికి గడ్డికప్పు అందము ఎంతవరకు కనబడునో మనకు తెలియనిది కాదు. రేకు వేసికొనిన కూలివానిని తప్పుపట్టుట అన్యాయమగును. (ఆస్బెస్టాసు దుమ్ము ఊపిరితిత్తులకు హానికరమని తరువాత స్పష్టముగ తేలి, 1999లో బ్రిటనులో దాని వాడుకను పూర్తిగ నిషేధించిరి. అది వేరు కథ.) కాని రాయ్ చేయదలచినది ఎవరినైనను గడ్డికప్పు క్రింద బలవంతముగ నిలుపుట కాదు. పోవునది పోకముందు దానిని సరిగా చూచి, కొలిచి, పోయిన తరువాత చూపించుట. ఈ భేదమును గ్రహించిన పిమ్మట మా సందేహము చాలవరకు తీరినది.

మరి ఛాయాచిత్రము చాలదా? ఆ కాలపు ఛాయాచిత్రమున రంగు లేదు, ఇంటి వెనుకభాగము లేదు. ఇటుక ఎరుపులో ఎన్ని ఎరుపులు కలవో, సున్నము రాలినచోట గోడ ఏ వన్నెలో నుండెనో, పెరటి గోడకు ఆనుకొని ఏ మొక్క పెరిగెనో అది చెప్పలేదు. నమూనా చెప్పగలదు, కాని చేయువాడు అవి యన్నియు ముందుగ తెలిసికొనియుండవలెను.

ఇక లెక్కకు వత్తము. ఆయన ఎన్నుకొనిన ప్రమాణము అడుగుకు 4 మిల్లీమీటర్లు. అనగా నిజమైనదానిలో 76వ వంతు. ఆరడుగుల మనుష్యుడు 24 మిల్లీమీటర్లు. 9 అంగుళముల ఇటుక 3 మిల్లీమీటర్ల పొడవు, దాని ఎత్తు 1 మిల్లీమీటరు. అడుగెత్తు కోడిపెట్ట 4 మిల్లీమీటర్లు. దానికి ముక్కు, తోక, కాళ్లు! ఇట్లు చిన్నవగుచు పోవుట ఒక చిక్కు. పెద్దవి తగినంత చిన్నవి కాకపోవుట మరియొక చిక్కు. మైలునకు 5280 అడుగులు కదా; గుణించి చూచినచో నమూనా మైలు 21 మీటర్లకు పైబడును. పల్లెకును పల్లెకును నడుమ రెండు మూడు మైళ్లున్న లోయను నున్నదున్నట్లు దింపవలెనన్న ఒక తోట కూడ చాలదు.

దీనికి రాయ్ ఎంచుకొనిన ఉపాయము మాకు మిక్కిలి నచ్చినది. ఇల్లు ఏదియు కల్పితము కారాదు. ఊరు మాత్రము కల్పితము. లోయలోని వేరువేరు పల్లెలలో నిజముగ నిలిచిన ఇండ్లను ఎంచి, కొలిచి, చిత్రములు తీసి, రంగులు గుర్తించుకొని, వానినన్నిటిని ఒక్కచోట చేర్చి ఒక గ్రామముగ కూర్చవలెను. ఆ గ్రామమునకు పెండన్ పార్వా అని పేరుపెట్టెను. పార్వా అనగా లాటిను భాషలో చిన్నది. మన ఊళ్లపేర్లకు ముందు చిన, పెద అని చేర్చుట వంటిదే. ఇండ్లు నిజము, ఇరుగుపొరుగు కల్పన.

పనివిధానము వినుడు. గోడలకు దళసరి అట్ట. దానిపై మొనగల పనిముట్టుతో ప్రతి రాతికిని ప్రతి ఇటుకకును అంచు గీయవలెను. పిదప నీటిరంగులతో ఒక్కొక్క రాతిని విడివిడిగ రంగువేయవలెను, ఏలయన నిజమైన గోడలో ఏ రెండు రాళ్లును ఒకే వన్నెలో నుండవు. గోడయంతటికిని ఒక్క కుంచెతో ఎరుపు పూసినచో అది ఇటుకగోడ కాదు, ఎర్రని అట్ట. గడ్డికప్పునకు నిజమైన గడ్డి పనికిరాదు; 76వ వంతున అది దూలములవలె కనబడును. అందుకు కుళాయి పనివారు గొట్టముల మరలకు చుట్టు సన్నని నారను తీసికొని, చిన్న చిన్న కట్టలుగ అంటించి, నిజమైన కప్పు పనివాడు చేయునట్లే క్రిందినుండి పైకి వరుసలు వేసి కత్తిరించిరి. పెరటిలోని కూరపాదులకును పూవులకును రంగువేసిన కాగితము. రోజాతీగ కిటికీ ప్రక్క ఎట్లు ప్రాకెనో అట్లే ప్రాకవలెను. ఇట్టి ఇల్లు ఒక్కటి పూర్తియగుటకు వందల గంటలు పట్టెను.

బెక్హాంప్టన్ అను పల్లెవద్ద, లండను నుండి బాత్ పట్టణమునకు పోవు పాత రాజమార్గమున, వాగన్ అండ్ హార్సెస్ అను పేరుగల గడ్డికప్పు సత్రము కలదు. పూర్వము బండ్లవారు గుఱ్ఱములను విప్పి విశ్రమించిన చోటు. ఆయన తొలినాటి పెద్ద పనులలో దాని నమూనా ఒకటి. పని నేర్చినవాడై మొదలుపెట్టినది కాదు, మొదలుపెట్టి నేర్చినది.

మేమును విద్యార్థులతో గూడి ఒక సంవత్సరము పాఠశాల ప్రదర్శనకై అట్టతో ఒక పల్లెను కట్టచూచితిమి. కొబ్బరిపీచుతో కప్పు వేసితిమి. అది కప్పువలె లేదు, ఇంటిపై చీపురు బోర్లించినట్లున్నది. పొలమునకు అంగడిలో కొన్న ఆకుపచ్చ రంగును యథాతథముగ పూసితిమి. దూరమునుండి చూచినవారు బిలియర్డు బల్ల అనుకొనిరి. తప్పు ఎక్కడనున్నదో అప్పుడు తెలియలేదు. చిన్న ప్రమాణమునకు దించిన దృశ్యమున రంగును కూడ దించవలెనని తరువాత తెలిసినది. మనము నమూనాను రెండడుగుల దూరమునుండి చూచినను, అది నూటయేబది అడుగుల దూరముననున్న నిజమైన ఇంటిని చూచుటతో సమానము. అంతదూరమున గాలిలోని ధూళియు వెలుతురును కలసి ఆకుపచ్చను కొంత బూడిదగను కొంత నీలముగను మార్చును. గుట్టలు దూరమైన కొలది నీలిమ హెచ్చును. సంత కుండకు పూసిన రంగువలె మెరయుచున్నచో కన్ను నమ్మదు. కుంచెపట్టిన చిత్రకారునకు ఇది పాతసంగతియే. బొమ్మరైళ్లు చేయువారికి మాత్రము చాలకాలము తెలియలేదు.

తెలిపినవారిలో ముఖ్యుడు జాన్ ఆహెర్న్. ఆయనను గూర్చి రెండుమాటలు చెప్పక ముందుకు పోలేము. 1930ల చివరిభాగమున ఆయన తన లండను ఇంటిలో మ్యాడర్ వ్యాలీ అను ఊహాలోకపు రైలుమార్గమును కట్టెను. చిన్న రేవు, వాలు వీధులు, అంగళ్లు, మిల్లులు, నడుమ తాపీగ పోవు రైలు. రైలును పరిసరములను విడదీయక ఒకే చిత్రముగ చూడవలెనని ఆయన చేతలతో చూపెను. భవనములను, భూభాగములను చిన్న ప్రమాణమున చేయు విధమును గూర్చి పుస్తకములు వ్రాసెను. ఆహెర్న్ ఊహించి కట్టెను, రాయ్ కొలిచి కట్టెను. 1961లో ఆహెర్న్ చనిపోయిన పిమ్మట, గది ఖాళీచేయవలసి వచ్చినప్పుడు ఇట్టి కట్టడములకు పట్టు గతి చెత్తకుప్పయే. మ్యాడర్ వ్యాలీకి ఆ గతి పట్టలేదు. దానిని పెండన్‌లోనికి చేర్చి భద్రపరచిరి. పల్లెలను నిలుపబోయినవాడు మరియొకని ఊహను కూడ నిలుపుటకు తోడ్పడెను.

పెండన్ అను ప్రదర్శనశాల ఎట్లు వచ్చెనో చెప్పవలసియున్నది. 1954లో రాయ్ థేమ్సు నది దాపున లాంగ్ విటెన్‌హాం అను పల్లెలో, మునుపు పానశాలగ నుండిన ఒక పాత కట్టడమును కొనెను. దాని పేరు త్రీ పాప్లర్స్. అందు కాలినడకను, సైకిళ్లమీదను దేశము చూడబోవు యువకులు రాత్రి తలదాచుకొనుటకు విడిది నడుపుచు, నమూనాలకు చోటు కల్పించెను. అప్పటికి ఆయనకు దాదాపు ఏబది యేండ్లు. ఆ వయస్సున చాలమంది ఉద్యోగవిరమణము గూర్చి తలపోయుదురు.

ఒక్కనివల్ల కాని పని యని ఆయన ఎరుగును. తోడువచ్చిన వారిలో గై విలియమ్స్ పేరు ప్రసిద్ధము. గ్రేట్ వెస్టరన్ ఇంజనులను రేకునుండియు ఇత్తడినుండియు 4 మిల్లీమీటర్ల ప్రమాణమున స్వహస్తములతో నిర్మించిన నేర్పరి. పట్టాల విషయమునను వారు రాజీపడలేదు. నిజమైన పట్టాల నడుమ దూరము 4 అడుగుల 8½ అంగుళములు. లెక్కప్రకారము నమూనాలో అది 18.8 మిల్లీమీటర్లు కావలెను. అంగడిలో దొరకు పట్టాలకు మాత్రము 16.5 మిల్లీమీటర్లే, వానిపై ఇంజను కాళ్లు దగ్గరగపెట్టి నిలిచినట్లుండును. పెండన్‌వారు 18 మిల్లీమీటర్లను గ్రహించిరి. తక్కువగ తోచు ఆ ఒకటిన్నర మిల్లీమీటరు కొరకు ప్రతి చక్రమును, ప్రతి పట్టాను చేతితో చేయవలసివచ్చెను.

లోయ పూర్తియగుటకు చాలకాలము పట్టునని తెలిసి, ముందుగ రైళ్లు నడిచి చూపుటకు మరియొక దృశ్యమును కట్టిరి. అది డెవన్ సీమలోని డార్ట్‌మూర్. తెల్లగుఱ్ఱపు లోయవలె మెత్తని ప్రదేశము కాదు. నల్లరాతి గుట్టలు, బీడు, చలిగాలి. అందు ముఖ్యాకర్షణము కొయ్యవంతెన. రాతిస్తంభములపైనుండి విసనకఱ్ఱ పుల్లలవలె విచ్చుకొనిన దూలములతో బ్రునెల్ డెవన్, కార్న్‌వాల్ సీమలలో లోయలు దాటుటకు అట్టి వంతెనలు అనేకము కట్టెను. కొయ్య చవుక, పని త్వరితము. కాని కొయ్య పుచ్చును. ఒక్కొక్కటి తీసివేసి రాయి, ఇనుము పెట్టిరి. కార్న్‌వాల్‌లో కడపటిది 1934లో పోయినది. ఇప్పుడు దాని పైనుండి రైలు పోవుట ఎట్లుండెనో చూడదలచినవారు పెండన్‌కు పోవలెను.

తరువాత లోయ. ఇది చేయుటకు వచ్చినవారికి జీతము లేదు. తీరికవేళల వచ్చి పని నేర్చుకొని, ఒక ఇల్లు తీసికొని పోయి, నెలల తరబడి కొందరు యేండ్ల తరబడి కూర్చుండి, పూర్తిచేసి తెచ్చిరి. వారు చేసిన ఇల్లు రాయ్ చేసిన ఇంటి ప్రక్క నిలువవలెను కదా! కనుక రాయ్ చేసిన పనిలో సగము తానుగ కట్టుట, సగము ఇతరుల కన్నులను తెరిపించుట. మా మట్టుకు మాకు ఈ రెండవ సగమే ఎక్కువ కష్టమని తోచును. తాను చేసికొనుట ఎవనికైనను సులభము.

ఇంతలో బయటి లోకము ఆగలేదు. 1948లో బ్రిటిషు రైళ్లను ప్రభుత్వము స్వాధీనపరచుకొనగా గ్రేట్ వెస్టరన్ కంపెనీ చరిత్రలోనికి పోయినది. 1963లో వెలువడిన బీచింగ్ నివేదిక ననుసరించి వేలకొలది మైళ్ల పల్లెటూరి మార్గములను మూసివేసిరి. 1968లో ప్రభుత్వ రైళ్లలో ఆవిరి ఇంజనుల వాడుక ముగిసెను. 1974లో జిల్లా ఎల్లలు మారగా, బర్క్‌షైరులో నుండిన తెల్లగుఱ్ఱపు లోయయు, లాంగ్ విటెన్‌హాము కూడ ఆక్స్‌ఫర్డుషైరులో చేరెను. ఊరు కదలకున్నను సరిహద్దు కదలుట ఎట్టిదో మన పెద్దలను అడిగి తెలిసికొనవచ్చును. 1986లో స్విండన్ కర్మాగారము తలుపులు మూసిరి. పల్లెలు పోవుచున్నవని పని మొదలుపెట్టిన రాయ్, తాను స్థిరమని నమ్మిన రైళ్లు కూడ పోవుట చూచెను. పెండన్‌లో మాత్రము 1930 ప్రాంతపు రైలు తన వేళకు వచ్చుచుండెను.

1995లో ఆయన మరణించునాటికి లోయ పూర్తికాలేదు. కట్టవలసిన ఇండ్లు, పరవవలసిన పొలములు మిగిలియుండెను. పూర్తిచేయలేనని తెలిసియే మొదలుపెట్టెనో, పని పెరిగిన కొలది తెలిసికొనెనో కాని, తన వెనుక చేయువారిని సిద్ధపరచి పోయెను. ఆయన వెనుక కూడ ఆ పనిని స్వచ్ఛందముగ వచ్చినవారే సాగించిరి. ప్రదర్శనశాల నేటికిని లాంగ్ విటెన్‌హాములో ఉన్నది. చూడవచ్చిన పిల్లలు మొదట రైలుకై వెదకుదురు. పిమ్మట ఎవరో ఒకరు పెరటిలో ఆరవేసిన బట్టలనో, గోడ ప్రక్కని కోడినో చూపించి తక్కినవారిని పిలుతురు.

చివరగ ఎల్మ్ చెట్లను గూర్చి. ఆ లోయకు అవి కొబ్బరిచెట్టు కోనసీమకు వంటివి. కంచెల వెంబడి వరుసగ నిలిచి, పల్లె ఇంకను కనబడకమునుపే అది ఎక్కడనున్నదో తెలిపెడివి. 1960ల చివర ఒక శిలీంధ్రపు తెగులు ఆ దేశమున వ్యాపించినది. బెరడును తొలుచు చిన్న పురుగులు దానిని చెట్టునుండి చెట్టునకు మోసికొనిపోయెను. కొలది సంవత్సరములలో బ్రిటనులో రెండు కోట్లకు పైగ చెట్లు చచ్చినవి. ఇండ్లు పోవునని రాయ్ ముందుగ ఊహించెను. చెట్లు పోవునని ఎవరు ఊహింతురు? తెల్లగుఱ్ఱపు లోయలో ఇప్పుడు పెద్ద ఎల్మ్ చెట్టు నీడన నిలువవలెనన్న దొరకుట దుర్లభము. పెండన్ పార్వాలో అవి ఇంకను కంచె వెంబడి నిలిచియున్నవి. నూరడుగుల చెట్టునకు లెక్కప్రకారము ఎత్తు 40 సెంటీమీటర్లు.